టీచర్లను తయారుచేసిన టీచరమ్మ

సంఘమా, ఉద్యోగమా... ఏదో ఒకటే ఉంచుకోమంటే? నలభై ఏళ్ల సర్వీసు, చేతికందబోయే పింఛను ఉన్నవాళ్లు ఎవరైనా తటపటాయిస్తారు. సెప్టిమా క్లార్క్ మాత్రం సంఘాన్నే ఎంచుకుంది!

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో టీచరుగా పనిచేసేది సెప్టిమా. నల్లజాతి హక్కుల సంఘం 'ఎన్ఏఏసీపీ'లో ప్రభుత్వోద్యోగులు ఉండకూడదంటూ 1956లో అక్కడ చట్టం తెచ్చారు. సభ్యత్వం వదులుకోనన్నందుకు ఆమె ఉద్యోగం ఊడింది. పింఛనూ పోయింది. అప్పటికామె వయసు 58.

ఆమె ఇంట్లో కూర్చోలేదు. టెన్నెసీలోని హైలాండర్ ఫోక్ స్కూల్లో చేరి శిక్షణ తరగతులు నడిపింది. అంతకు ముందే, 1955 వేసవిలో అక్కడ ఆమె దగ్గర శిక్షణ పొందినవారిలో రోజా పార్క్స్ ఒకరు. ఆ డిసెంబరులోనే మాంట్‌గోమరీ బస్సులో సీటు వదలనన్నది ఆవిడే.

ఓటరుగా నమోదవ్వాలంటే చదవడం వచ్చి తీరాలనేవారు అప్పట్లో. అందుకే 1957 జనవరిలో జాన్స్ ఐలండ్‌లో, ఓ దుకాణం వెనక గదిలో వయోజనులకు రాత్రిబడి మొదలైంది. పాఠాలు చెప్పింది పంతులమ్మ కాదు, బ్యూటీషియన్ బెర్నీస్ రాబిన్సన్. సర్కారీ టీచర్లకు ఉద్యోగం పోతుందన్న భయం. సొంత పని చేసుకునే మనిషిని తీసేసేదెవరు? పైగా పెద్దవాళ్లను చిన్నపిల్లల్లా చూడదు. ఏం నేర్చుకోవాలనుందో ముందు వాళ్లనే అడిగింది. పేరు రాయడం, బైబిల్ చదవడం, దరఖాస్తు నింపడం... అవే పాఠాలయ్యాయి.

క్రమంగా ఆ బడులు దక్షిణాది రాష్ట్రాలంతటా విస్తరించాయి. వేలమంది మామూలు మనుషులు పంతుళ్లయ్యారు, ఊళ్లకు నాయకులయ్యారు.

సెప్టిమాకు పింఛను తిరిగి దక్కింది 1976లో. ఇరవై ఏళ్లు ఆలస్యంగా!