రాత్రి పదకొండు దాటితే ఆకలి వెయ్యకూడదా?

ఇంగ్లండులో రాత్రి 11 నుంచి పొద్దున 5 దాకా వేడి తిండి గానీ వేడి కాఫీ గానీ అమ్మాలంటే లైసెన్సు ఉండాలి. జోకు కాదు, 2003 నాటి లైసెన్సింగ్ చట్టం. దాని భాషలో దీని పేరు 'లేట్ నైట్ రిఫ్రెష్‌మెంట్'. చల్లటి శాండ్‌విచ్ తెల్లవార్లూ అమ్ముకోవచ్చు, ఈ చట్టం అడ్డు రాదు. అంటే పెరుగన్నానికి లైసెన్సు అక్కర్లేదు, సాంబారన్నానికి కావాలి :-) హోటల్లో ఆ రాత్రికి గది తీసుకున్నవాడికి వేడి సూపు ఇవ్వడానికి లైసెన్సు అక్కర్లేదు. డ్యూటీ దిగి రోడ్డు మీద నడిచొచ్చేవాడికి అదే సూపు అమ్మాలంటే మాత్రం కావాలి.

అయితే ఈ టపా చట్టాన్ని తిట్టడానికి కాదు. నిజానికి కాసేపయ్యాక ఆ చట్టాన్ని కొంచెం మెచ్చుకోబోతున్నాను కూడా. తిట్టాల్సింది మనల్ని. మనల్ని అంటే ఇక్కడికొచ్చి, వీసాలు దాటి, మార్ట్‌గేజీ మీద ఇళ్ళు కొనుక్కుని, కొన్న మర్నాటి నుంచే ఊరి పెద్దలైపోయిన తెలుగు సాఫ్ట్‌వేరు జనాలని.

సంగతేంటంటే, మేముండే తూర్పు లండన్ ప్రాంతంలో ఒక చిన్న దోసెల హోటలుంది. (పేరెందుకు లెండి.) నడిపేది శ్రీలంక తమిళాయన. దోసె మనకంటే బాగా వేస్తాడు. ఇప్పటిదాకా రాత్రి 11కి మూస్తున్నాడు, ఒంటిగంట దాకా తెరవడానికి దరఖాస్తు పెట్టుకున్నాడు. చట్టం చెప్పినట్టే లేత నీలం కాగితం మీద నోటీసు అచ్చేసి, అద్దానికి 28 రోజులు అంటించాడు. నోటీసు కనపడ్డ వారంలోపే మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒక రెడీమేడ్ అభ్యంతర లేఖ తిరగడం మొదలైంది. కింద పేరు, అడ్రసు మార్చుకుని కౌన్సిల్‌కి పంపితే చాలట.

అందులో ఉన్న అభ్యంతరాలు నాలుగు. ఒకటి, ఇళ్ళ రేట్లు పడిపోతాయి. రెండు, ఈ రోడ్డులో ఇప్పటికే బోలెడు హోటళ్ళున్నాయి, ఇంకెందుకు? మూడు, అర్ధరాత్రి 'అలాంటి జనం' వస్తారు. నాలుగు, డెలివరీ బళ్ళ రొద.

ఒక్కొక్కటే చూద్దాం.

ముందు అసలు పద్ధతేంటో చెప్పాలి, ఎందుకంటే లేఖ ఫార్వర్డ్ చేసినవాళ్ళలో సగం మందికి తెలీదు. ఇక్కడ రెండు గేట్లుంటాయి. ఒకటి ప్లానింగ్, రెండోది లైసెన్సింగ్. హోటలుకి ప్లానింగ్ అనుమతి ఇచ్చినప్పుడే 'ఇన్నింటికి మూసెయ్యాలి' అని షరతు ఉంటే, దాన్ని మార్చమని 1990 నాటి ప్లానింగ్ చట్టంలో 73వ సెక్షను కింద వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. లైసెన్సు ఒంటిగంట దాకా వచ్చినా, ప్లానింగులో 11 అని ఉంటే 11కే మూయాలి. రెండిట్లో ఏది ముందైతే అదే చెల్లుతుందన్నమాట. లైసెన్సింగ్ వైపు ఎవరైనా అభ్యంతరం పెడితే కౌన్సిలర్ల సబ్‌కమిటీ ముందు విచారణ జరుగుతుంది. అక్కడ చూడాల్సినవి నాలుగే నాలుగు: నేరాలు, గలాటాలు జరక్కుండా చూడడం, ప్రజల భద్రత, చుట్టుపక్కల వాళ్ళకి ఇబ్బంది లేకుండా చూడడం, పిల్లలకి హాని జరక్కుండా చూడడం. అంతే. అయిదోది లేదు.

ఇప్పుడు మన లేఖకొద్దాం.

ఇళ్ళ రేట్లు: ఆ నాలుగింట్లో ఎక్కడా లేవు. ప్లానింగులో కూడా, పక్కవాడి ఇంటి ధర తగ్గుతుందనేది లెక్కలోకి తీసుకునే కారణమే కాదు. నీ ఈఎంఐ నీ సొంత విషయం, బాబూ. దాన్ని ఊరి ప్రయోజనమని పేరు మార్చి కౌన్సిల్ మీదకి తొయ్యకు.

హోటళ్ళు ఎక్కువైపోయాయి: ఊరికి ఇంకో హోటలు 'అవసరమా' అన్నది లైసెన్సింగ్ చూసే విషయం కాదు. అది వ్యాపారి జేబుకి సంబంధించింది. ఒకేచోట మరీ కిక్కిరిసి గొడవలవుతున్నాయని ఆధారాలతో ముందే తేల్చి, ఆ ప్రాంతానికి కౌన్సిల్ ప్రత్యేక విధానం ప్రకటిస్తే అది వేరే సంగతి. దానికి 2018 నుంచి చట్టంలోనే చోటుంది. మా రోడ్డుకి అలాంటిదేమీ లేదు.

అలాంటి జనం: నాకు ఒళ్ళు మండింది ఇక్కడే. ఎలాంటి జనం? రాత్రి పన్నెండున్నరకి దోసె తినేది ఎవరు? ఆస్పత్రిలో షిఫ్టు దిగిన నర్సు. కేర్ హోములో ముసలివాళ్ళని చూసుకునే అమ్మాయి. నైట్ బస్సు డ్రైవరు. గోడౌన్‌లో డబ్బాలు మోసి, పొద్దున్నే క్లాసుకెళ్ళాల్సిన మన గుంటూరు, కరీంనగర్ కుర్రాడు. లండన్ మేయర్ కార్యాలయం 2018లో వేసిన లెక్క ప్రకారం, సాయంత్రం 6 నుంచి పొద్దున 6 మధ్య ఈ నగరంలో పని చేసేవాళ్ళు 16 లక్షల మంది, అంటే మొత్తం పనివాళ్ళలో మూడోవంతు. మనం పగలు వాడే నగరాన్ని రాత్రి తుడిచి, మోసి, నడిపి సిద్ధం చేసేది వాళ్ళు. వాళ్ళు మనకి 'అలాంటి జనం' అయిపోయారు!

అయినా మనమేమన్నా సూర్యాస్తమయానికి భోంచేసి పడుకునే బాపతా? ప్రొడక్షన్ సపోర్టు అన్నాక అర్ధరాత్రి పేజర్ మోగిన రోజులు లేవా? రిలీజు నైటు రెండింటికి పిజ్జా తెప్పించుకోలేదా? అప్పుడు వేడివేడిగా తెచ్చిచ్చినవాడు మనకి దేవుడు. వాడే మన వీధిలో బండాపితే న్యూసెన్సు.

ఇక నాలుగోది, బళ్ళ రొద. ఇది మాత్రం నిజమైన అభ్యంతరమే, ఒప్పుకుంటాను. హోటలు పైనే, దాని పక్కనే ఉండేవాళ్ళ బాధ చిన్నది కాదు. వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాను హోరు, తలుపులు వేసే చప్పుడు, అర్ధరాత్రి ఖాళీ సీసాలు బుట్టలో గుమ్మరించడం, ఇంజను ఆపకుండా నిలబెట్టిన మోపెడ్లు. పసిపిల్లలున్న ఇంట్లో ఇది నరకం. నిద్ర అనేది విలాసం కాదు, నర్సుకైనా మనకైనా.

కానీ దాన్ని ఎలా చెప్పాలి? మనకి బగ్ రిపోర్టు రాయడం ఎలాగో ఎవరూ నేర్పక్కర్లేదు కదా. 'సిస్టం బాగోలేదు' అని ఎవడైనా టికెట్ వేస్తే మొహాన కొట్టి క్లోజ్ చేస్తాం. ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తే, ఏమైంది అని అడుగుతాం. అదే మనం కౌన్సిల్‌కి రాసేటప్పుడు మాత్రం 'వాతావరణం పాడవుతుంది' అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటాం. ఏ రోజు, ఎన్నింటికి, ఏ చప్పుడు, ఎవరి కిటికీ కింద? అది రాస్తే దానికి షరతు పెట్టొచ్చు. పన్నెండు దాటాక డెలివరీ బళ్ళు మెయిన్ రోడ్డు వైపే ఆగాలి, సీసాలు పొద్దున్నే పారెయ్యాలి, ఫ్యానుకి సైలెన్సరు పెట్టాలి, వెనక తలుపు మూసే ఉంచాలి అని లైసెన్సులోనే రాయించొచ్చు. షరతు తప్పితే అది నేరం.

భయం వేరు, ఆధారం వేరు అని కోర్టే చెప్పింది. 2008లో డేనియల్ థ్వైట్స్ కంపెనీకీ విర్రల్ మేజిస్ట్రేట్ కోర్టుకీ మధ్య కేసు చూడండి. ఒక పబ్బుకి కౌన్సిల్ ఎక్కువ గంటలు ఇచ్చింది. పోలీసులకి అభ్యంతరం లేదు. ఆ గంటలు నడిచిన కాలంలో పెద్ద గొడవలూ లేవు. అయినా స్థానికులు అప్పీలుకెళ్తే, 'ఏదో జరగొచ్చు' అన్న భయంతో మేజిస్ట్రేట్లు గంటలు కత్తిరించారు. హైకోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఊహల మీద కాదు, ఆధారాల మీద నిర్ణయించండి అన్నది దాని సారం. ఇదీ నేను మెచ్చుకుంటానన్న భాగం.

ఇంకో గొప్ప సంగతి, ఇక్కడ రోల్‌బ్యాక్ ఉంది. లైసెన్సు ఇచ్చాక కూడా, ఆ నాలుగు విషయాల్లో దేనిమీదైనా ఎవరైనా ఎప్పుడైనా రివ్యూ కోరొచ్చు. గంటలు తగ్గించొచ్చు, షరతులు బిగించొచ్చు, మరీ శ్రుతి మించితే రద్దే చెయ్యొచ్చు. ప్లానింగులో అయితే ముందు కొంతకాలానికి మాత్రమే తాత్కాలిక అనుమతిచ్చి ట్రయల్ రన్ చూసే వీలుంది. ఇన్ని సదుపాయాలున్నచోట మొదటి రోజే అసలు వద్దే వద్దు అనడం, టెస్టు చెయ్యకుండానే బిల్డ్ ఫెయిల్ అని రాసెయ్యడం లాంటిది.

మరి ఈ పద్ధతిలో లోపం లేదా? ఉంది, పెద్దదే. దరఖాస్తు మీద ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే లైసెన్సు ఇచ్చి తీరాలి. అంటే విచారణ దాకా వచ్చిందంటేనే ఎవరో వద్దన్నారని అర్థం. ఆ గదిలో వినపడేది వద్దన్నవాడి గొంతూ, వ్యాపారి గొంతూ. రాత్రి పని చేసేవాడు విచారణ జరిగే పగటిపూట నిద్రపోతుంటాడు. వాడికి ఇల్లు లేదు, అద్దె గదిలో ముగ్గురితో ఉంటాడు, ఆ నీలం కాగితం ఏంటో కూడా తెలీదు. వాడి ఆకలి ఏ మినిట్స్‌లోనూ రికార్డు కాదు. కోడ్ రివ్యూలో ఆ ఫీచరు వాడే యూజరు ఎప్పుడూ ఉండడు, ఆ ఫీచరంటే చిరాకు పడేవాడే ఉంటాడు.

చట్టం దీనికీ ఒక తలుపు తెరిచే పెట్టింది. 2012కి ముందు ఆ చుట్టుపక్కల ఉండేవాళ్ళే మాట్లాడాలి అని నిబంధన ఉండేది. ఇప్పుడు లేదు, ఎవరైనా రాయొచ్చు. వ్యతిరేకంగానే రాయాలని కూడా లేదు, సమర్థిస్తూ రాయొచ్చు. మనలో ఎంతమంది రాశాం? దోసె బాగుంది అని గూగుల్‌లో అయిదు నక్షత్రాలు వేస్తాం గానీ, ఆ దోసె బతకడానికి కౌన్సిల్‌కి అయిదు వాక్యాలు రాయం.

ఇక్కడ కొందరు పెద్దమనుషులు అనే మాటొకటుంది: 'హైదరాబాద్‌లో ఈ తలనొప్పులేమీ ఉండవు బాస్, డబ్బుంటే తెరవడమే.' అవునా? తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో జీవో ఇచ్చింది, ఏడాదికి 10,000 రూపాయల ఫీజు కట్టి, షరతులు పాటిస్తే దుకాణాలు 24 గంటలూ తెరుచుకోవచ్చని. మరుసటి ఏడాది, 2024 ఆగస్టులో, హోటళ్ళు రాత్రి ఒంటిగంట దాకా తెరుచుకోవచ్చని ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పాల్సొచ్చింది. 24 గంటల జీవో ఉన్న ఊళ్ళో ఒంటిగంట అన్నది వరం ఎలా అయింది? ఎందుకంటే మన దగ్గర కాగితం ఏం చెప్పినా, గడియారం పెట్రోలింగ్ బండి చేతిలో ఉంటుంది. సైరన్ వినపడగానే షట్టరు సగం దించి, లైటు ఆర్పి, లోపల ఉన్నవాళ్ళని గబగబా తినమనడం మనందరికీ తెలిసిన దృశ్యమే. ఎందుకు మూయిస్తున్నారో రాసివ్వరు. రాసివ్వందే దేనిమీద అప్పీలుకెళ్తాడు? అదే రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ తెల్లవార్లూ హలీమ్, ఇరానీ చాయ్ నడుస్తాయి, ఊరేమీ మునిగిపోదు.

ఇందులో నష్టపోయేది హోటలాయన ఒక్కడే కాదు. అపార్టుమెంటు కింద మండీ హోటలు వెలిసి, పొగంతా తన బాల్కనీలోకొస్తే, అక్కడి మూడో ఫ్లోరు ఆంటీకి వెళ్ళి మాట్లాడడానికి ఒక విచారణ ఉందా? షరతు పెట్టమని అడిగే చోటుందా? లేదు. ఆవిడా పోలీసుకే ఫోన్ చెయ్యాలి. ఇక్కడైతే నచ్చని తీర్పు మీద హోటలాయనా, అభ్యంతరం పెట్టిన పొరుగువాడూ ఇద్దరూ 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టుకి వెళ్ళొచ్చు. కారణాలు కాగితం మీద ఉంటాయి. ఈ తేడా విలువ తెలియాల్సింది అది లేని ఊరి నుంచి వచ్చిన మనకే. అలాంటిదాన్ని కాపీ పేస్టు లేఖలతో పాడుచేస్తున్నది కూడా మనమే కావడం సిగ్గుచేటు.

'నీకు పెళ్ళాం పిల్లలు లేరు, నీకేం తెలుసు' అంటారు. నిజమే, లేరు. కానీ నేను అడుగుతున్నది మీ నిద్ర పాడుచేసుకోమని కాదు. మీ కిటికీకి ఏ చప్పుడు వస్తుందో అది రాయండి, నేనూ కింద సంతకం పెడతాను. దానికి తగ్గ షరతు అడగండి, నేనూ అడుగుతాను. గడియారాన్ని మాత్రం దోషిగా నిలబెట్టకండి. పదకొండుకి ముందు చప్పుడు చేసే హోటలు చెడ్డదే, ఒంటిగంటకి నిశ్శబ్దంగా దోసె అమ్మే హోటలు మంచిదే.

కాబట్టి ఆ లేఖ మీద పేరు మార్చే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ హోటలు వల్ల నాకు కలిగే ఇబ్బంది ఏంటో తేదీ, సమయంతో సహా చెప్పగలనా? దాన్ని తీర్చే షరతు ఏదన్నా ఉందా? ఉన్నా కూడా నేను వద్దంటున్నానంటే, నా బాధ చప్పుడు గురించా, మనుషుల గురించా?

మూడో ప్రశ్నకి నిజాయితీగా జవాబొస్తే, ఆ లేఖ చాలామంది ఫోన్లలో అక్కడే ఆగిపోతుంది. నేనైతే సమర్థిస్తూ నా ఉత్తరం పంపేశాను, డెలివరీ బళ్ళకీ సీసాలకీ షరతులు పెట్టమని కోరుతూ. గడువింకా తొమ్మిది రోజులుంది. ఇక మీ ఇష్టం.