వడ్ల రాశుల మధ్య ఖాళీ గుమ్ములు

2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతులు ఆపేసింది. అప్పటికే ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె ఓడలు నిలిచిపోయి రెండు నెలలు. ఆ వేసవిలో పట్నమనీ పల్లె అనీ లేకుండా ప్రతి వంటింట్లో పోపు గిన్నె దగ్గర చెయ్యి వెనక్కి తగ్గింది. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదనుకోవచ్చు. కానీ సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ చుట్టుపక్కల ఊళ్ళకూ ఆ సెగ తగలడమే ఆలోచించాల్సిన విషయం. అక్కడి రేగడి చేలు నూనె పండించిన చేలు.

చలికాలంలో నేల పదునుకీ మంచుకీ పండే కుసుమ, అవిసె, శనగ లాంటి వాటిని అక్కడి ఆడవాళ్ళు ‘సత్యం పంటలు’ అంటారు. నీరు పెట్టక్కర్లేదు, యూరియా చల్లక్కర్లేదు. కుసుమకు ముళ్ళుంటాయి. శనగ చేను చుట్టూ రెండు సాళ్ళు వేస్తే పశువు లోపల మూతి పెట్టదు. నూనెకు నూనె, కంచెకు కంచె. ఇలాంటి చేను తగ్గిన కొద్దీ ఊరు కొట్టు మీద ఆధారపడుతుంది. కంది పండే నేల ఉన్న ఇంట్లోకే కందిపప్పు కిలో ప్యాకెట్‌గా వస్తోంది.

2024 వానాకాలంలో తెలంగాణలో 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేశారని, 150 లక్షల టన్నులు దాటి వడ్లు పండాయని ప్రభుత్వం ప్రకటించింది. రైతును తప్పుపట్టలేం. వరికి ఉచిత కరెంటు ఉంది, కొనుగోలు కేంద్రం ఉంది, సన్నాలైతే క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఉంది. కొర్రకు ఏముంది? పండించినా పొట్టు తీసే మిల్లు దగ్గర్లో దొరకడం కష్టం. గింజ ఎక్కడికో పోయి, రంగుల ప్యాకెట్‌లో తిరిగొస్తుంది, పండించినవాళ్ళు కొనలేని ధరకు. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరమని ఘనంగా జరుపుకున్నాం. అప్పుడు వంటల పోటీలకున్న సందడి మిల్లుల మాటకు లేకపోయింది.

ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో కూడా ఆ ఏడాదే గుర్తుచేసింది. దేశంలో 1901 తర్వాత అంత పొడిగా గడిచిన ఆగస్టు మరొకటి లేదు. జొన్న, కంది, పెసర, అనుములు కలిపి వేసిన చేనులో ఒక వాన తప్పితే పెసర పోవచ్చు, కంది నిలుస్తుంది. ఒకే పంట వేసినచోట పోతే మొత్తం పోతుంది. అంతకు నెల ముందు, జులై 20న, కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపగానే అమెరికాలో మనవాళ్ళు సోనామసూరి బస్తాల కోసం ఎగబడ్డారు. వాట్సాప్‌లో ఆ వీడియోలు చూసి నవ్వుకున్నాం. నూనె, పప్పుల విషయంలో మన పల్లె నిలబడ్డదీ ఆ వరుసలోనే.

దారి తెలియక కాదు. 1990ల నడుమ జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు పడావు భూములు దున్నించి జొన్న వేశారు. తీసుకున్న అప్పును జొన్నలుగానే సంఘానికి కొలిచారు. ఆ గింజలను ఊళ్ళోనే దాచి, పనుల్లేని నెలల్లో చౌకగా ఇచ్చారు. ఎవరింటికి ఎన్ని అన్నది ఏ ఆఫీసూ చెప్పలేదు, ఊరే కూర్చుని తేల్చింది. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. శాలువాలకు కొదవ లేదు. కానీ వెనక నిలబడి నడిపించిన పి.వి. సతీష్ 2023లో కన్నుమూశారు, విత్తనాల బుట్టలు కాపాడిన తరం ముసలిదైంది. పాత పంటల జాతర సాగే ఆ ప్రాంతంలోనే పారిశ్రామిక మండలి కోసం 12 వేల ఎకరాలకు పైగా గుర్తించారు.

2025 ఉగాది నుంచి రేషన్ కార్డు మీద మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. మంచి పనే. దాన్ని వెక్కిరించేవాళ్ళు ఒక వారం దొడ్డుబియ్యం తిని మాట్లాడాలి. అయితే 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలూ ఉన్నాయి, 2022 దాకా కిలో రూపాయికి. పొరుగున కర్ణాటక రాగులు, జొన్నలు రేషన్‌లో ఇచ్చింది. సంగారెడ్డి జిల్లాలో పండిన జొన్నను అక్కడే కొని, అక్కడే దాచి, అక్కడి కార్డులకే ఒకటి రెండు కిలోలు ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గోదాములో కొంత చోటు, మండలానికో పొట్టు మిల్లు, వరికిచ్చే బోనస్‌లో సగం చాలు.

ఆలస్యం చేయడానికి మాత్రం వీల్లేదు. వేపాకు, బూడిద కలిపి, మూతికి పేడ అలికిన బుట్టలో కుసుమ గింజ పురుగు నుంచి తప్పించుకుంటుంది గానీ, కొన్నేళ్ళు వరుసగా విత్తకపోతే మొలకెత్తే శక్తి పోతుంది. ఆ గింజ నేలలో పడాల్సిన అదను అక్టోబరు.