జహీరాబాదుకు ఏ ఆకర్షణలు కావాలి? ఒక వైద్యుని మాట

“నడవుమంటరు గానీ, యాడ నడవాలె సారూ?”

నేను వృత్తిలో ఉన్న రోజులలో జహీరాబాదు నుంచి వచ్చిన ఒక ఏబది ఏళ్ళ గృహిణి నన్ను అడిగిన ప్రశ్న ఇది. ఆమెకు మధుమేహము, రక్తపుపోటు రెండూ ఉన్నాయి. మందులు వ్రాసి, దినమునకు అరగంట వడిగా నడవమని చెప్పాను. “రోడ్డు మీద లారీలు, గల్లీలల్ల కుక్కలు. పొద్దుగాల చీకట్ల ఒక్కదాన్ని యాడికి పోవాలె?” అన్నది. నా వద్ద సమాధానము లేదు. మందుల దుకాణములో దొరకని ఔషధమును వ్రాసి ఇచ్చిన వైద్యుని వలె కూర్చుండిపోయాను.

పట్టణములకు కొత్త ఆకర్షణలు కావాలనే మాట ఇప్పుడు అంతటా వినిపిస్తున్నది. రంగురంగుల దీపాలతో జలయంత్రములు, ఊరి పేరును పెద్ద అక్షరాలలో నిలిపి ఫొటోలు తీసుకొనే స్థలములు, మాల్‌లు కోరేవారు చాలామంది. వాటిని నేను తప్పు పట్టను. అయితే ఒక పట్టణము ఏమి నిర్మించుకుంటుందో దానిని బట్టి అక్కడి ప్రజలు ఎంత నడుస్తారో, ఏమి తింటారో, ఎంత గాలి పీలుస్తారో నిర్ణయమవుతుంది. అందువలన ఇది వైద్యులు కూడా మాట్లాడవలసిన విషయమే.

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యములో జరిగి 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనము ప్రకారము మన దేశములో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహము ఉన్నది. వయోజనులలో నూటికి 35 మందికి పైగా అధిక రక్తపుపోటు ఉన్నది. పెద్దలు వారానికి కనీసము 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామము చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. ఆ 150 నిమిషాలు గడపడానికి చోటు ఉండాలి కదా!

జహీరాబాదు విషయములో తొందర ఎందుకంటే, ఆ ప్రాంతపు రూపురేఖలు ఇప్పుడే మారుతున్నాయి. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన 12 పారిశ్రామిక నగరములలో జహీరాబాదు ఒకటి. 3,245 ఎకరములలో, 2,361 కోట్ల రూపాయల అంచనాతో దానిని తలపెట్టారు. పరిశ్రమలు వస్తే ఉపాధి వస్తుంది. దానితో పాటు వేలాది వాహనములు, రద్దీ, పొగ, కూర్చొని చేసే ఉద్యోగములు, ప్యాకెట్లలోని చిరుతిండ్లు కూడా వస్తాయి. స్థలము ఉన్నప్పుడే కొంత ప్రజలకని విడిచిపెట్టకపోతే, కట్టడములు లేచిన తరువాత ఒక్క ఎకరము కూడా తిరిగి రాదు.

నా మొదటి సూచన, నీడ గల నడక బాట. చెరువు గట్టు గాని, ప్రభుత్వ స్థలము గాని, ఏది వీలయితే అది తీసుకొని వేప, కానుగ, చింత వంటి చెట్లు నాటాలి. మన ఎండలలో నీడ లేని బాట ఉదయము ఎనిమిది దాటితే ఎవరికీ పనికిరాదు. వంద, రెండు వందల అడుగులకు ఒక బల్ల, తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, తెల్లవారుజామున కూడా వెలిగే దీపములు ఉండాలి. ఇవి లేకపోతే స్త్రీలు, వృద్ధులు రారు. మరుగుదొడ్డి లేదని బయటకు వెళ్ళేటప్పుడు నీళ్ళు త్రాగడము మానివేసి, మూత్రనాళపు ఇన్‌ఫెక్షన్లు తెచ్చుకున్న స్త్రీలను నేను ఎందరినో చూచాను.

రెండవది, చిరుధాన్యముల వీధి. ఈ సంపద జహీరాబాదుకు ఉన్నట్లు మరే పట్టణమునకూ లేదు. పక్కనే ఉన్న పస్తాపూర్ కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి పని చేస్తున్నది. ఆ సంఘముల స్త్రీలు, వారిలో ఎక్కువమంది దళిత మహిళలు, బీడు పడిన ఎర్రనేలలలో జొన్న, సజ్జ, కొర్ర, సామ, తైదలు తిరిగి పండించి, విత్తనములను ఇంటింటా భద్రపరిచారు. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో ఆ విత్తనములు అలంకరించిన ఎడ్లబండ్లపై ఊరూరా తిరుగుతాయి. 2008లో మాచనూరులో వారు సంఘం రేడియోను ప్రారంభించారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమతి లభించింది.

ఇంతటి చరిత్రను చూడడానికి పట్టణము నడుమ ఒక విత్తనాల ప్రదర్శనశాల, దాని ముంగిట వేడివేడి జొన్నరొట్టెలు, సజ్జరొట్టెలు, అంబలి, కొర్రన్నము అమ్మే చిన్న దుకాణములు ఉంటే ఎంత బాగుంటుంది! పూణె నుంచి మచిలీపట్నము వరకు సాగే 65వ జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. బీదరు కోటకు, ఝరాసంగము కేతకీ సంగమేశ్వరాలయమునకు పోయేవారు కూడా ఇక్కడ ఆగుతారు. రొట్టె కొట్టే స్త్రీకి ఆదాయము, తినేవారికి పీచుపదార్థము గల ఆహారము లభిస్తాయి. ఒక్క హెచ్చరిక మాత్రము చేయాలి. చిరుధాన్యములు మందులు కావు. వాటిలోనూ పిండిపదార్థములు ఉన్నాయి. మితము తప్పితే రక్తములో చక్కెర పెరుగుతుంది. మధుమేహము ఉన్నవారు వీటిని నమ్ముకొని మందులు మానరాదు.

మూడవది, ఖర్చు లేనిది. ఆదివారము ఉదయము మూడు గంటల పాటు ఒక ప్రధాన వీధిలో వాహనములను ఆపి, ఆ వీధిని పిల్లలకు, నడిచేవారికి విడిచిపెట్టాలి. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఈ పద్ధతి నడుస్తున్నది. ఇప్పుడు అక్కడ ప్రతి ఆదివారము వంద కిలోమీటర్లకు పైగా వీధులు ప్రజల పరమవుతాయి. హైదరాబాదులో 2021లో ట్యాంక్‌బండ్ మీద ఆదివారపు సాయంత్రములు వాహనములు ఆపితే కుటుంబములు కుటుంబములుగా జనము వచ్చారు. దీనికి కావలసినవి నాలుగు అడ్డుకంచెలు, కొందరు పోలీసులు, కొంత పట్టుదల.

నాలుగవది పారిశ్రామిక నగరమునకు సంబంధించినది. కర్మాగారములకు, ఇళ్ళకు నడుమ దట్టమైన చెట్ల పట్టీ, గాలి నాణ్యతను కొలిచి అందరికీ కనిపించేటట్లు చూపే ఫలకములు, పని చేసేవారు సైకిలు మీద భయము లేకుండా పోగల ప్రత్యేక దారి ఉండాలి. భూములు వదులుకున్న రైతు కుటుంబములకు ఆ నగరములో మిగిలే ఉమ్మడి ఆస్తి ఇవే.

“ముందు ఉద్యోగములు రానీయండి, చెట్లు తరువాత చూద్దాము” అనేవారు ఉంటారు. వారి ఆత్రుత నాకు అర్థమవుతుంది. కాని నలుబది ఏళ్ళకే పక్షవాతముతో మంచము పట్టిన కార్మికుని ఇంట ఆ ఉద్యోగము ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆ జబ్బులలో చాలావాటిని ముందుగా నివారించవచ్చు. నివారణకయ్యే ఖర్చు చికిత్స ఖర్చులో చిన్న భాగము మాత్రమే.

మీ ఊరిలో ఎవరయినా కొత్త ఆకర్షణను ప్రతిపాదించినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. డబ్బు చెల్లించకుండా ఒక ముసలమ్మ దానిని వాడుకోగలదా? ప్రారంభోత్సవము జరిగిన పదేళ్ళకు దానిని ఎవరు శుభ్రము చేస్తారు? అది మన ఊరిదేనా, ఏ ఊరిలోనైనా ఉండేదా? సమాధానములు వ్రాసుకొని మీ పురపాలక సంఘమునకు అర్జీగా ఇవ్వండి. నలుగురు కలిసి ఇస్తే మరీ మంచిది.

ఆ గృహిణి మరల నా వద్దకు వచ్చినప్పుడు, ఇంటి మిద్దె మీద అటూ ఇటూ నడుస్తున్నానని చెప్పింది. ఆమె తన వంతు పని చేసింది. ఇక ఊరు తన వంతు చేయాలి.