సైకిల్‌కు మోటారు.. వేగానికి పగ్గం

వరంగల్ కొత్తవాడలో నేత ఇల్లంటే ముందు మగ్గం, ఆ తర్వాతే మనిషి. ఉన్న జాగాలో సగం మగ్గం తీసుకుంటే మిగిలిన సగంలో నూలు, జంపఖానాల చుట్టలు, బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు సర్దుకోవాలి. ఇక బండికి మిగిలేది వీధే. అలాంటి ఇంటికి, మధ్యలో మడిచి తలుపు వెనక నిలబెట్టుకునే సైకిల్ అచ్చంగా సరిపోతుంది. దానికి చిన్న మోటారు, బ్యాటరీ బిగిస్తే హన్మకొండ చౌరస్తాకో, కాజీపేట స్టేషన్‌కో చెమట పట్టకుండా పోయి రావచ్చు. ఈ మార్పుకు ప్రభుత్వం చేయూతనివ్వాలి. అదే చేత్తో, ‘ఇంకా వేగం’ అని ఆశపెట్టి చట్టం ఒప్పుకోని మోటార్లు అంటగట్టే కిట్ల వ్యాపారానికి అడ్డుకట్ట వేయాలి. రెండూ కలిసి జరగకపోతే నష్టపోయేది సైకిల్ తొక్కేవాడే.

లెక్క చూద్దాం. 36 వోల్టుల, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది 360 వాట్ అవర్ల కరెంటు. పెడల్ తొక్కుతూ మోటారు సాయం తీసుకుంటే కిలోమీటరుకు 10 నుంచి 12 వాట్ అవర్లు ఖర్చవుతాయి. అంటే ఒక్క ఛార్జింగ్‌తో దాదాపు 30 కిలోమీటర్లు. ఛార్జర్‌లో పోయే నష్టం కలిపినా అర యూనిట్ దాటదు. హోటల్లో చాయ్ తాగే ఖర్చు కూడా కాదు. లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటి ఏళ్లయింది. ఆ మంట భరించలేకే 2021లో జనగామలో ఓ టీవీ మెకానిక్ తన పెట్రోల్ బండిని బ్యాటరీకి మార్చుకుని వార్తల్లోకెక్కాడు. తెలివి మన గల్లీల్లోనే ఉంది. దానికి దారి చూపే వ్యవస్థే లేదు.

ఉన్న చట్టం నిజానికి ఉదారమైనదే. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు శక్తి 250 వాట్లకు లోబడి, 25 కిలోమీటర్ల వేగం దగ్గర దాని సాయం ఆగిపోయే పెడల్ సైకిల్‌ను మోటారు వాహనంగా లెక్కించరు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, లైసెన్సూ అక్కర్లేదు. మంచి బ్రేకులు, ముందు తెలుపు, వెనక ఎరుపు రిఫ్లెక్టర్లు ఉండాలి. తొక్కడం ఆపితే మోటారూ ఆగాలి. ఆ గీత దాటి 500, 750 వాట్ల మోటారు బిగిస్తే అది చట్టం కళ్లలో సైకిల్ కానే కాదు; నంబరు ప్లేటు, బీమా లేని మోటారు బండి. ప్రమాదం జరిగిన రోజున ఆ తేడా ఎంత బరువో కోర్టు మెట్లెక్కినవాడికే తెలుస్తుంది.

ఇంతకీ ఆ వేగం తెచ్చే లాభమెంత? ఐదు కిలోమీటర్ల దారిని 25 వేగంతో పోతే 12 నిమిషాలు, 40తో పోతే ఏడున్నర. మిగిలే నాలుగున్నర నిమిషాల్లో సగం సిగ్నళ్ల దగ్గరే కరిగిపోతాయి. కానీ 25 నుంచి 40కి పెరిగితే బ్రేకు పట్టాక బండి జారే దూరం రెండున్నర రెట్లవుతుంది. పెద్ద చక్రం దొర్లుకుంటూ దాటే గుంతలో మడత సైకిల్ 20 అంగుళాల చిన్న చక్రం ముక్కు పెట్టి ఆగుతుంది. మడత దగ్గరి బందు మనిషి కాలి బలాన్ని ఓర్చుకునేలా చేసింది. ముప్పావు కిలోవాట్ కుదుపుల కోసం చేసింది కాదు.

బిగించే పనిలోనూ ప్రాణం మీదికి తెచ్చే మెలికలున్నాయి. మెకానిక్ పాత చక్రం ఊడదీసి, నడుమ మోటారున్న చక్రం ఎక్కిస్తాడు. మోటారు చక్రాన్ని ముందుకు తోస్తుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేది ఫ్రేమ్ చివరనున్న గాడి ఒక్కటే. ఆ గాడి అల్యూమినియందైతే నెమ్మదిగా ఒరుసుకుపోయి వెడల్పవుతుంది. ఒకరోజు ఇరుసు గిర్రున తిరిగి వైరు తెంపుకుంటుంది, చక్రం ఊడి పడుతుంది. టార్క్ ఆర్మ్ అనే చిన్న ఉక్కుపట్టీ వేస్తే ఆ గండం తప్పుతుంది. ఆ పట్టీ ఉందో లేదో చూసే అధికారి మాత్రం ఊళ్లో ఒక్కరూ లేరు.

బ్యాటరీ సంగతి ఇంకా భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలోనే స్కూటర్ల బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు, పొగ ఎనిమిది మందిని బలిగొన్నాయి. ఆ తర్వాత కేంద్రం ఎలక్ట్రిక్ స్కూటర్ల బ్యాటరీలకు పరీక్షలు కఠినం చేసింది. సైకిల్ మోటారు వాహనం కాదు గనుక ఆ గొడుగు కిందికి రాలేదు. నూలు కండెలు, దూది పొట్టు ఉన్న గదిలో రాత్రంతా ఛార్జింగ్‌కు పెట్టే అతుకుల బ్యాటరీని తలచుకుంటే కొత్తవాడకు నిద్ర పట్టకూడదు.

అందుకే మా డిమాండ్లు స్పష్టం. ఒకటి, పరీక్ష నెగ్గి ముద్ర పడిన బ్యాటరీ, కంట్రోలర్ లేని కిట్‌ను అమ్మనివ్వకూడదు. తనిఖీలు అమ్మే దుకాణాల్లో జరగాలి. చౌరస్తాలో సైకిల్ ఆపి కూలివాడిని వేధిస్తే కుదరదు. రెండు, వరంగల్ ఎన్ఐటీ, ఐటీఐల చేత సైకిల్ మెకానిక్‌లకు శిక్షణ ఇప్పించి, మహానగర పాలక సంస్థ వారికి గుర్తింపు ఇవ్వాలి. మూడు, రాయితీలో వివక్ష పోవాలి. రిజిస్ట్రేషన్ చేసుకునే ఎలక్ట్రిక్ వాహనాలకు రాష్ట్రం 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను మాఫీ చేసింది. ఆటోలను బ్యాటరీకి మార్చుకుంటే ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15 వేల రూపాయలు ఇస్తామని 2020 విధానంలో రాసుకుంది. సైకిల్‌కు మాత్రం మొండిచేయి చూపింది. ఢిల్లీ ప్రభుత్వం 2022లోనే ఈ-సైకిల్ కొన్న తొలి పది వేల మందికి 5,500 రూపాయల దాకా ఇస్తానంది. కంపెనీలో తయారైన ఎలక్ట్రిక్ వాహనంపై జీఎస్టీ 5 శాతం, విడిగా కొన్న లిథియం బ్యాటరీపై 18 శాతం. పాత సైకిల్‌ను పారేయకుండా వాడుకునేవాడికి వేసే జరిమానా ఇది.

నాలుగు, రోడ్డులో వాటా. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ బాట 2023లో తెరిచారు. పొద్దున వ్యాయామానికి వచ్చేవారికి అంత నీడ దొరికినప్పుడు, వరంగల్, హన్మకొండ, కాజీపేట త్రినగరిలో పనికి పోయే సైకిల్‌కు తెల్లగీత గీసి ఒక మీటరు జాగా ఇవ్వడం భారమా? స్మార్ట్ సిటీ పేరు తెచ్చుకున్న ఊరికి వాహనాలు నిలపని ఒక్క బాట కూడా లేకపోతే ఎంత మోటారు పెట్టినా సైకిల్ వేగంగా పోదు.

నాడె ఎంత గట్టిగా విసిరితే అంత తొందరగా బట్ట దిగుతుందని కొత్తవాడలో ఏ నేతగాడూ అనుకోడు. పోగు తెగితే ముడి వేసుకోవడానికి పట్టే సేపు ఆయనకు తెలుసు. పాలకులు కిట్లకు ముద్ర వేయించాలి, రోడ్డుపై గీత గీయించాలి. ఇంకో ఇంట్లో మంట లేచే దాకా ఆగకూడదు.