పాత దీపముల లెక్కకు ఒక్క గుణకము చాలదు

పూర్వపు గ్రంథములలోను, పాత దీపముల పేరుపలకల మీదను కనబడు కాంతి తీవ్రతా ప్రమాణములను నేటి క్యాండెలాలలోనికి మార్చవలసి వచ్చినపుడు, పట్టికలోనున్న గుణకమొకటి తీసికొని హెచ్చవేసి, దశాంశ స్థానములు మూడింటిదాక వ్రాసి, పని ముగిసినదని తృప్తిపడు ఆచారము విద్యావంతులలో సైతము పాతుకొని యున్నది. ఈ ఆచారమును మానుకొనవలెనని నా గట్టి అభిప్రాయము. గజమును మీటరులోనికి మార్చుటలో చిక్కు లేదు, ఏలయన గజము పూర్వము ఒక లోహపు కడ్డీ మీద గీయబడిన స్థిరమైన దూరముగా నుండెను. కాని పాత కాంతి ప్రమాణములలో పెక్కింటికి ఆధారము మండుచున్న జ్వాల. అది చుట్టునున్న గాలిని బట్టి, వత్తిని బట్టి, ఇంధనమును బట్టి మారుచుండునది.

1860లో ఇంగ్లండున చేసిన గ్యాసు చట్టము, తిమింగలపు తలలో దొరకు మైనముతో పోసినదై, పౌనుకు ఆరు చొప్పున తూగునట్టిదై, గంటకు 120 గ్రెయినులు కాలు క్రొవ్వొత్తి యొక్క వెలుగును ప్రమాణముగా నిర్ణయించెను. గ్యాసు కంపెనీలు ప్రజలకు అమ్మిన వెలుగు చాలినంత ఉన్నదా లేదా అను విచారణ ఈ క్రొవ్వొత్తి ప్రక్కననే జరిగెడిది గనుక, వత్తి కొంచెము వంగినను ఆ వంపు డబ్బుతో ముడిపడిన విషయమే యయ్యెను. ఫ్రాన్సువారు గంటకు 42 గ్రాముల ఆవజాతి గింజల నూనెను కాల్చు కార్సెల్ దీపమును నమ్మిరి. దాని తీవ్రత నేటి లెక్కకు పది క్యాండెలాలకు రవంత తక్కువ.

వీటన్నింటిలో మిక్కిలి శ్రద్ధతో రూపొందినది 1884లో జర్మనీ దేశీయుడు హెఫ్నర్ ఆల్టెనెక్ నిర్మించిన దీపము. అరటిపండు వాసన వేయు అమైల్ ఎసిటేట్ అను ద్రవమును 8 మిల్లీమీటర్ల వ్యాసముగల వత్తితో కాల్చి, జ్వాల ఎత్తును సరిగా 40 మిల్లీమీటర్లకు నిలుపవలెను; ఒక్క మిల్లీమీటరు తప్పినచో వెలుగు దాదాపు మూడు శాతము తప్పును. ఇంత జాగ్రత్తపడినను గాలిలోని తేమ మనిషి చేతిలో లేదు గదా! ఘనపు మీటరు గాలిలో 8.8 లీటర్ల నీటియావిరి ఉన్నపుడే ఆ దీపము ఒక హెఫ్నర్ క్యాండిల్ వెలుగు నిచ్చుననియు, ఆపైన ఆవిరి లీటరు హెచ్చిన కొలదిని వెలుగు అరశాతమునకు పైగా తగ్గుననియు జర్మన్ పరీక్షకులు కనుగొనిరి. వానకాలమున మన సముద్రతీరపు గాలిలో ఆవిరి ఆ పరిమాణమునకు మూడు రెట్లు మించును. అదే లెక్కను ఇచ్చటికి అన్వయించినచో, బెర్లిన్ పరీక్షాగారమున ప్రమాణమైన ఆ దీపము కాకినాడలో పదోవంతు మందగించిన వెలుగునే ఇచ్చెడిది.

తేమకు సవరణ చేయవచ్చును. రంగుకు చేయుట అంత సులభము గాదు. రెండు దీపముల నడుమ నూనె మరక గల కాగితము నిలిపి, అటునిటు జరుపుచు, మరక కంటికి మాయమైన చోట ఇరువైపులా వెలుగు సమమని గ్రహించి, దూరముల వర్గములనుబట్టి తీవ్రతలను పోల్చుట శాస్త్రజ్ఞుడు బున్సెన్ చూపిన పద్ధతి. ఒక దీపము ఎఱ్ఱగాను వేఱొకటి తెల్లగాను ఉన్నచో ఆ మరక పూర్తిగా మాయము కానే కాదు. ఒక పరిశీలకుడు ఒకచోట ఆగును, మఱియొకడు వేఱొకచోట ఆగును. 1924లో వెలుగునకు సంబంధించిన అంతర్జాతీయ సంఘము సగటు కంటి గ్రహణశక్తిని వక్రరేఖగా గీచి అంగీకరింపజేయు వఱకు, భిన్నవర్ణముల దీపములను పోల్చుటకు అందఱు ఒప్పుకొన్న ప్రాతిపదిక లేకుండెను. అందుచేతనే హెఫ్నర్ క్యాండిలునకు పట్టికలు చూపు 0.903 అను గుణకము, తరువాతి ప్రమాణమునకు ఆధారమైన గడ్డకట్టుచున్న ప్లాటినము వెలుగు రంగుకు మాత్రమే వర్తించును. అంతకన్న తెల్లని దీపములకు అది చెల్లదు.

పేర్ల చిక్కు వేఱు. 1909లో బ్రిటన్, ఫ్రాన్సు, అమెరికా దేశములు అంతర్జాతీయ క్యాండిల్ అను ప్రమాణమునకు ఒప్పుకొనగా, జర్మనీ తన దీపమును విడువలేదు. 1948లో ప్లాటినము మీద ఆధారపడిన నూతన ప్రమాణమునకు క్యాండెలా యను పేరు స్థిరపడునప్పటికి విలువ మఱల కొంత జరిగెను. కాగా, పుస్తకమున 'క్యాండిల్' అని యున్నచో, ఏ దేశపుది, ఏ యేటిది అని విచారింపకయే మార్చుట అవివేకము.

మనకు చిరపరిచితమైన పెట్రోమాక్స్ దీపమునే తీసికొందము. పెండ్లి ఊరేగింపులకును, వీధినాటకములకును రాత్రిని పగలు చేసిన ఆ దీపపు ప్రసిద్ధ నమూనా పేరు హెచ్.కె. 500, ఆ రెండక్షరములు హెఫ్నర్ క్యాండిలును సూచించునవి. అయిదువందలను 0.903తో హెచ్చవేసి '451.5 క్యాండెలాలు' అని వ్రాసినవాడు మూడు తప్పులు చేసినవాడగును: అయిదువందలు అమ్మకమునకై ఎంచుకొన్న గుండుసంఖ్య గాని ప్రతి దీపమును కొలిచి వేసినది గాదు, జ్వాల వేడికి ప్రకాశించు మాంటిల్ వల వెలుగు హెఫ్నర్ జ్వాల కన్న ఎంతో తెల్లనిది, గాలి తగ్గినపుడెల్ల పంపు కొట్టుచుండవలసిన దీపమునకు దశాంశ స్థానమంటగట్టుట కొలతను అవమానించుటయే.

ఇంతమాత్రపు తేడాకు ఇంత రాద్ధాంతమేల యని కొందఱు అడుగవచ్చును. పాఠకునకు కేవలము ఊహ కలిగించుట ఉద్దేశమైనచో తేడా పెద్దది గాదు, నిజమే. కాని ఒక నగరపు వీధిదీపముల చరిత్ర వ్రాయువాడు 1880 నాటి లెక్కను 1930 నాటి లెక్కతో పోల్చి, వెలుగు పదిశాతము పెరిగినదని తేల్చినచో, ఆ పెరుగుదల దీపములది గాక ప్రమాణములదే కావచ్చును. మ్యూజియముల వారు, విజ్ఞానసర్వస్వముల సంపాదకులు, అనువాదకులు మూలమున నున్న సంఖ్యను, ప్రమాణపు పేరును ఉన్నవి ఉన్నట్లు ముద్రించి, దాని ప్రక్కన 'నేటి లెక్కకు సుమారు 450 క్యాండెలాలు' అన్న రీతిని గుండుసంఖ్య నొకదానిని చేర్చినచో చాలును. మూలపు సంఖ్యను తొలగించి క్యాండెలాలను మాత్రమే నిలిపిన పట్టికలను తరువాతి ముద్రణమున సవరింపవలెను.