సాంకేతిక వీక్షణం: స్క్రూ చిన్నది, పని పెద్దది

యుద్ధ ట్యాంకును చూచినవారు సాధారణంగా దాని ఫిరంగిని, ఉక్కు కవచాన్ని మెచ్చుకుంటారు. మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్ (నేటి అహిల్యానగర్)లో 1994లో ఏర్పడిన అశ్వికదళ ట్యాంకుల మ్యూజియమును దర్శించిన మన ఉద్యోగుల కుటుంబాలవారు కూడా అట్లే చూచి ఉంటారు. కాని ఆ ఉక్కుపెట్టెలో కూర్చున్న సైనికునికి బయటి లోకంతో మాట కలిపేది రేడియో ఒక్కటే. అది మూగపోయినచో ట్యాంకు ఒంటరిదవుతుంది. అటువంటి పాత వాహన రేడియోలను పునరుద్ధరించునపుడు చిన్న చిన్న భాగాలను గుర్తించి అమర్చే విధానాన్ని ఈ సంచికలో పరిశీలిద్దాము.

ఉదాహరణకు రెండవ ప్రపంచ యుద్ధకాలపు ‘వైర్‌లెస్ సెట్ నంబర్ 19’ను తీసుకుందాము. కేంబ్రిడ్జిలోని ‘పై’ అను కంపెనీ దీనిని రూపొందించినది. 1941 నుండి ఇది వాడుకలోకి వచ్చినది. ఒకే పెట్టెలో మూడు ఏర్పాట్లు ఉన్నవి: దూరపు సంభాషణకు 2 నుండి 8 మెగాహెర్ట్జ్ వరకు పనిచేసే భాగం, దగ్గరి ట్యాంకులతో మాట్లాడుటకు సుమారు 235 మెగాహెర్ట్జ్ భాగం, ట్యాంకు లోపలివారు తమలో తాము మాట్లాడుకొనుటకు ఇంటర్‌కామ్. బ్రిటన్‌తో పాటు కెనడా, అమెరికాలలో కూడా ఇది తయారైనది. సోవియట్ యూనియనుకు కూడా పంపవలసి వచ్చినందున, ఉత్తర అమెరికాలో తయారైన అనేక సెట్ల ముఖఫలకంపై ఆంగ్లంతో పాటు రష్యన్ అక్షరాలు కనిపిస్తాయి.

ఒకే పేరు గల సెట్టు మూడు దేశాలలో తయారైనపుడు, అందులోని చిన్న భాగాలు కూడా వేర్వేరు సంప్రదాయాలకు చెంది ఉండుట సహజము. పునరుద్ధరణలోని చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

స్క్రూల వంశం

బ్రిటిష్ పరికరాలలో చిన్న స్క్రూలు ‘బి.ఎ.’ పద్ధతిలో ఉంటాయి. ఇందులో 0 బి.ఎ. స్క్రూ వ్యాసం 6 మిల్లీమీటర్లు, దాని మరచుట్ల మధ్య దూరం 1 మిల్లీమీటరు. సంఖ్య పెరిగేకొద్దీ స్క్రూ సన్నబడుతుంది. 2 బి.ఎ. వ్యాసం 4.7, 4 బి.ఎ. 3.6, 6 బి.ఎ. 2.8 మిల్లీమీటర్లు. అమెరికా పద్ధతిలోని 6-32 స్క్రూ వ్యాసం సుమారు 3.5 మిల్లీమీటర్లు. దానిని 4 బి.ఎ. స్క్రూ పక్కన ఉంచినచో కంటికి తేడా తెలియదు. కాని మరచుట్ల మధ్య దూరం మొదటిదానిలో 0.79, రెండవదానిలో 0.66 మిల్లీమీటరు. మర కోణం కూడా అమెరికన్ స్క్రూలో 60 డిగ్రీలు, బి.ఎ.లో 47.5 డిగ్రీలు. ఒకదాని రంధ్రంలో మరొకటి ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడ బలం ప్రయోగించినచో ఎనభై ఏండ్లు నిలిచిన మర ఒక్క నిమిషంలో చెడిపోతుంది. కనుక స్క్రూ చేతివేళ్ళతో సాఫీగా లోనికి పోవలెను. ఆగినచో వెనుకకు తీసి పిచ్ గేజితో కొలిచి చూడవలెను.

భూసంధానానికి ఉపయోగపడే స్క్రూ క్రింద పళ్ళ వాషరు ఉన్నదేమో గమనించాలి. దానిని మరచినా, దాని క్రింద కొత్త రంగు పూసినా విద్యుత్ సంబంధం తెగుతుంది. కాడ్మియం పూత గల పాత స్క్రూలను గరుకు కాగితంతో రుద్దరాదు. ఆ ధూళి విషపూరితము.

వాల్వుల మారుపేర్లు

ఈ సెట్టు ప్రసార విభాగంలో చివరి వాల్వు 807. దానినే బ్రిటిష్ సైన్యం ‘ఎ.టి.ఎస్. 25’ అన్నది, అమెరికన్ సైన్యం ‘వి.టి. 100’ అన్నది, మూడు దళాల ఉమ్మడి పట్టికలో అది ‘సి.వి. 124’ అయినది. అట్లే ఇ.ఎఫ్. 50 వాల్వు బ్రిటిష్ వైమానిక దళానికి ‘వి.ఆర్. 91’, సైన్యానికి ‘ఎ.ఆర్.పి. 35’, ఉమ్మడి పట్టికలో ‘సి.వి. 1091’. ఈ సంగతి తెలియనివాడు చేతిలో ఉన్న వాల్వును పక్కన పెట్టి, దానికోసమే ఊరంతా వెదకగలడు. మన స్టోర్సులో ఒకే బేరింగు రెండు కోడ్ నంబర్లతో రెండు అలమారలలో పడి ఉండుట వంటిదే ఇది.

రంగుల భాష

ఆనాటి బ్రిటిష్ రెసిస్టర్లపై నేటివలె వరుస పట్టీలు లేవు. ఒంటి రంగు మొదటి అంకె, కొన రంగు రెండవ అంకె, నడుమ చుక్క సున్నల సంఖ్య. గోధుమ ఒళ్ళు, నల్లని కొన, పసుపు చుక్క ఉన్నచో లక్ష ఓములు. చుక్క కనిపించనిచో అది ఒంటి రంగులోనే కలిసి ఉన్నదని భావించాలి. రెండవ కొనకు వెండి రంగు ఉన్నచో 10 శాతం తేడా అనుమతించబడినది, ఏ రంగూ లేనిచో 20 శాతం. అనగా రంగులేని లక్ష ఓముల రెసిస్టరు 1,18,000 చూపినను అది ఆనాటి నిబంధన లోపలిదే. దానిని తీసివేయనవసరం లేదు.

కెపాసిటర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరము. అభ్రకపు కెపాసిటర్లు సాధారణంగా దీర్ఘాయువులు. కాగితపువి తేమను పీల్చుకొని లోలోపల కరెంటును కారుస్తాయి. ఆరు చుక్కల అమెరికన్ గుర్తులలో మొదటి చుక్క నలుపైనచో అభ్రకము, వెండి రంగైనచో కాగితము. రెండూ చూపులకు కవలలే.

ఈ కారుట ఎంత హాని చేయునో లెక్క చూద్దాము. 250 వోల్టుల వైపు నుండి వాల్వు గ్రిడ్‌కు సంకేతాన్ని చేర్చే కెపాసిటరు 10 మైక్రోఆంపియర్లు కార్చినదనుకుందాము. గ్రిడ్ రెసిస్టరు 4,70,000 ఓములైనచో దానిపై 4.7 వోల్టులు ఏర్పడుతాయి. 6వి6 వంటి వాల్వుకు ఆ పరిస్థితిలో మైనస్ 12.5 వోల్టులు ఉండవలసిన గ్రిడ్ మైనస్ 7.8కు చేరుతుంది. వాల్వు మితిమీరి కాగి, తనతో పాటు ట్రాన్స్‌ఫార్మరును కూడా బలి తీసుకొనవచ్చు. బ్యాటరీతో పనిచేసే సాధారణ మీటరు ఈ లోపాన్ని పట్టలేదు. పని వోల్టేజి వద్ద పరీక్షించినపుడే అది బయటపడుతుంది.

చెడినదాని స్థానంలో కొత్త పాలియెస్టర్ కెపాసిటరు వేయుట ఉత్తమము. రూపం చెడకూడదనుకొనేవారు పాత గొట్టంలోని మైనము, కాగితము తీసివేసి కొత్తదానిని లోపల ఉంచి తిరిగి మూసివేస్తారు. పాత భాగాన్ని, అది ఉన్న చోటు వ్రాసిన చీటీతో సహా, కవరులో భద్రపరచాలి. తరువాత వచ్చేవాడు మన పనిని విప్పి మూలరూపాన్ని చూడగలగాలి.

అమర్చే క్రమం

ఏ భాగాన్నైనా విప్పుటకు ముందు బొమ్మ గీయండి లేదా ఫోటో తీయండి. ఒక్కొక్క విభాగపు స్క్రూలకు ఒక్కొక్క డబ్బా కేటాయించండి. ఇంట్లోని ఖాళీ పోపుడబ్బా ఇందుకు చక్కగా సరిపోతుంది. ఒకేసారి పది భాగాలు మార్చక, ఒకటి మార్చి పరీక్షించి ముందుకు సాగండి. మొదట గ్రాహక విభాగము, చివరగా ప్రసార విభాగము. 12 వోల్టుల వాహన బ్యాటరీతో నడిచినప్పటికీ ప్రసార విభాగానికి సుమారు 500 వోల్టులు అందుతాయి. స్విచ్చి ఆపిన తరువాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉండవచ్చు. రెసిస్టరు ద్వారా దానిని ఖాళీ చేయనిదే చేయి పెట్టరాదు. పిల్లలను దూరంగా ఉంచండి. గాలిలోకి ప్రసారం చేయుటకు కేంద్ర ప్రభుత్వపు అమెచ్యూర్ లైసెన్సు తప్పనిసరి.

సెట్టు పెట్టె, ముఖఫలకం ఎక్కడైనా దొరకవచ్చు. డయలును బిగించే చిన్న మీట, వాల్వును పట్టి ఉంచే క్లిప్పు పోయినచో సెట్టు అసంపూర్ణమే. పాత పరికరాలు తుక్కుగా తూకంపై అమ్ముడైనపుడు ముందుగా రాలిపోయేవి ఇవే. వాటి పేరు తెలిసిన పెద్దలు కూడా ఒక్కొక్కరుగా పదవీ విరమణ చేస్తున్నారు. కాలం చెల్లినదని మన విభాగంలో ఏ పాత పరికరాన్నైనా తొలగించే ముందు, దానిపై పనిచేసిన సీనియర్ టెక్నీషియన్‌ను ఒక్కసారి పిలిచి, ఒక్కొక్క భాగానికి చీటీ కట్టించుట మేలని మా మనవి. అర్ధదినం పని అది. ఆయన వెళ్ళిన తరువాత ఆ చీటీ వ్రాయగలవారు మనకు దొరకరు.