వైన్స్ బోర్డు కింద వైను ఏదీ?

ఈ వారం ఉత్తరం దుబ్బాక నుంచి. రాసినవాడు కాలేజీ కుర్రాడు. ఒకే ఉత్తరంలో మూడు ప్రశ్నలు గుచ్చాడు. "సినిమాల్లో హీరో వంట చేస్తూ పెనంలో వైను పోస్తాడు, భగ్గున మంట లేస్తుంది, హీరోయిన్ కళ్లింత చేసుకుని చూస్తుంది. ఆ వైను ఏది? మన కూరల్లో పోయొచ్చా? మటన్‌తో ఏ వైను తాగితే బాగుంటుంది?"

ముందుగా ఆ మంట సంగతి తేల్చేద్దాం. పెనం మీద అంతెత్తున మంట లేచిందంటే అందులో పోసింది వైను అయి ఉండదు బాబూ! వైనులో ఆల్కహాలు నూటికి 11 నుంచి 14 పాళ్లు. అంత సులువుగా అంటుకోదు. అలా భగ్గుమనేది బ్రాందీ, రమ్ము లాంటివి. వాటిలో 40 పాళ్లపైనే ఉంటుంది. సినిమాలో సీసా ఒకటి చూపించి మంట ఇంకోదానిది పెట్టారన్నమాట. మన హీరోగారి ఫైట్లలాగే ఇదీ డూపే!

తప్పు సినిమావాళ్లదే అననక్కర్లేదు లెండి. మా రాయపోల్ చుట్టుపక్కల ఏ సెంటర్లో చూసినా ఇంతింత అక్షరాలతో "వైన్స్" అని బోర్డు ఉంటుంది. లోపలికి వెళ్లి "వైను ఉందా అన్నా?" అని అడిగి చూడండి. కౌంటర్లో ఉన్నాయన మిమ్మల్ని ఎగాదిగా చూస్తాడు. విస్కీ ఉంది, బ్రాందీ ఉంది, బీరు ఉంది. వైను మాత్రం పై అరలో ఎక్కడో దుమ్ము కొట్టుకుని ఒక్క సీసా ఉంటే ఉంది, లేకపోతే లేదు. పేరు పెళ్లికూతురిది, పీటల మీద ఇంకొకావిడ!

ఇంకో విశేషం గమనించారా? మన సినిమా తాగుబోతు తినడు. "దేవదాసు" (1953) చూడండి, "ప్రేమనగర్" (1971) చూడండి. నాగేశ్వరరావు గారి చేతిలో సీసా గుర్తొస్తుంది. పక్కన ప్లేటు గుర్తొస్తుందా? ఉండదు. తాగేది దుఃఖం కోసం, లేదంటే దర్జా కోసం. అటు "మాయాబజార్" (1957) ఘటోత్కచుడు బండెడు వంటకాలు లాగించాడు, పక్కన గ్లాసు లేదు. మన తెర మీద తిండిదొక దారి, తాగుడిదొక దారి. వైను పుట్టిన దేశాల్లో అది భోజనాల బల్ల మీదే పెరిగింది. అన్నంలో పప్పుకి ఆవకాయ ఎలాగో, వాళ్ల మాంసానికి వైను అలాగ.

ఇప్పుడు వంట సంగతి. ఫ్రాన్సులో బుర్గుండీ అనే ప్రాంతం ఉంది. అక్కడ కోడిని ఎర్ర వైనులో గంటల తరబడి ఉడికిస్తారు. వైను ఎందుకు పోస్తారు? మత్తు కోసమా? అబ్బే, పులుపు కోసం! ద్రాక్షలో ఉండే ముఖ్యమైన పులుపు పేరు టార్టారిక్ ఆమ్లం. మన చింతపండులో ఉండేది కూడా అచ్చంగా అదే. మనం పులుసులో చింతపండు పిసుకుతాం, వాళ్లు వైను పోస్తారు. ద్రాక్షపులుపూ చింతపులుపూ అక్కాచెల్లెళ్లు. ఒకామె ఫ్రాన్సుకి కోడలుగా వెళ్లింది, ఒకామె మనింటికి వచ్చింది.

కాబట్టి చింతపండు, టమాటా, పెరుగు పడిన కూరలో మళ్లీ వైను పోయడం పులుపు మీద పులుపే. పోసి చూడాలని సరదా ఉంటే ఉల్లి, వెల్లుల్లి, మిరియాలతో చేసే మటన్‌లో పోయండి. ముక్కలు నూనెలో ఎర్రగా వేగాక, నీళ్లు పోయక ముందు పోయాలి. అరకిలోకి ఒక టీ గ్లాసు చాలు. పోసింది సగమయ్యేదాకా మరిగితే పచ్చివాసన పోతుంది. మాంసానికి ఎరుపు, చేపకీ కోడికీ తెలుపు. తీపి లేనిదే తీసుకోండి. తియ్యటి పోర్ట్ వైను పోశారంటే కూర కాస్తా పాయసం అవుతుంది. గ్లాసులో పోసుకుంటే తాగబుద్ధి కానిది గిన్నెలోనూ పోయకూడదు. అలాగని ఖరీదైన సీసా పొయ్యి మీద తగలెయ్యనూ అక్కర్లేదు. స్టీలు గిన్నె గాని మట్టికుండ గాని వాడండి. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుందో ఇంట్లో అమ్మనడగండి, ఇదీ అంతే. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఆగుతుంది, తర్వాత వెనిగర్ దారి పడుతుంది.

ఒక హెచ్చరిక. "ఉడికితే ఆల్కహాలంతా ఎగిరిపోతుంది" అని చాలామంది అంటారు. పోదు. అమెరికా వ్యవసాయ శాఖవారి లెక్క ప్రకారం 15 నిమిషాలు ఉడికాక కూడా నూటికి 40 వంతులు కూరలోనే మిగులుతుంది. గంట ఉడికితే 25 వంతులు, రెండున్నర గంటలకు 5 వంతులు. ఇంట్లో చిన్నపిల్లలున్నా, మందులు వాడేవాళ్లున్నా, మతరీత్యా ముట్టనివాళ్లున్నా చెప్పకుండా వడ్డించడం పాపం సుమా!

ఇక మూడో ప్రశ్న, మటన్‌తో ఏ వైను? దీనికి ఇంగ్లీషువాళ్లు పెద్ద పెద్ద పుస్తకాలు రాశారు. మనకు ఒక్క మాట చాలు: నంజుకోవడం. ముద్దపప్పుకి ఆవకాయ, పెరుగన్నానికి మామిడిపండు, జొన్నరొట్టెకి పచ్చికారం. ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చాలి. వైనులోనూ అంతే. ఎర్ర వైనులో వగరు ఉంటుంది. నేరేడుపండు తిన్నాక నాలుక ఎలా పట్టేస్తుంది? ఆ వగరే. ద్రాక్ష తొక్కలోంచీ గింజలోంచీ దిగుతుంది. కొవ్వు పట్టిన మాంసం తింటూ ఒక గుక్క వేస్తే ఆ వగరు నోట్లో జిడ్డుని కోసేస్తుంది. "బలగం" (2023)లో నల్లిబొక్క కోసం ఇంటల్లుడు అలిగి ఏళ్ల తరబడి అత్తారింటి గడప తొక్కలేదు గదా, ఆ నల్లిబొక్కలో మూలుగ ఉంది చూశారూ, దానికి ఎర్ర వైను సరైన జోడీ. చేపకి మాత్రం ఎరుపు వద్దు. అందులో ఉండే ఇనుము నీచువాసనను పైకి లేపుతుంది. తెలుపే మేలు.

అయితే అసలు చిక్కు ఇక్కడుంది. వాళ్ల మాంసంలో కారం లేదు, మన మాంసంలో కారమే ముందుంది. మిరపకాయ మంట నోట్లో ఏ నరాన్ని తాకుతుందో ఆల్కహాలు ఘాటూ ఆ నరాన్నే తాకుతుంది. రెండూ కలిస్తే మంట మీద కిరసనాయిలే! వగరు తోడయిందంటే నోరు గరుకుకాగితం. అందుకే వైను తెలిసినవాళ్లు కారపు వంటలకు చెప్పే సూత్రం వేరు: ఆల్కహాలు తక్కువ ఉండాలి, కాస్త తీపి ఉండాలి, కాస్త పులుపు ఉండాలి, చల్లగా ఉండాలి, సన్నటి నురగ ఉంటే మరీ మంచిది.

ఈ జాబితా మళ్లీ ఒకసారి చదవండి. ఆల్కహాలు తక్కువ, తీపి, పులుపు, చల్లన, నురగ. ఎక్కడో తాగినట్టు లేదూ? చెట్టు మీద లొట్టి కట్టుకుని కూర్చుంది గదండీ, మన కల్లు!

మొన్న చలికాలంలో మా ఊరి ఈతవనంలో ఒక గీతకార్మికుణ్ణి అడిగాను. "మామా, కల్లుకు అంచుకు ఏం మంచిగుంటది?"

ఆయన మోకు విప్పుతూ చెప్పాడు. "ఏ యాళ్లది అల్లుడా? పొద్దుగాల దించింది తియ్యగుంటది, దానికి గుడాలు జాలు. పగటాళ్లకు పులుస్తది, గప్పుడు బోటి గావాలె. మాపటి కల్లు పుల్లగైతది, దానికి తలకాయ కూర, కారం జర ఎక్కువనే పడాలె."

చూశారా! ఫ్రాన్సులో ఈ విద్యకు సొమెలియే అని ఉద్యోగం ఉంది, కోటు ఉంది, జీతం ఉంది. మా మామకు మోకు ఉంది, ముస్తాదు ఉంది, మోకాళ్ల నొప్పి ఉంది. చెప్పిన శాస్త్రం మాత్రం ఒకటే. చెట్టు నీళ్లలో చక్కెర ఉంటుంది. గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టూ బ్యాక్టీరియా కలిసి గంటగంటకూ తీపిని తగ్గించి ఆల్కహాలునూ పులుపునూ పెంచుతాయి. ఆల్కహాలు నాలుగైదు పాళ్లకు అటూ ఇటూ ఆగుతుంది, మర్నాటికి వెనిగర్ వాసన మొదలు. వైను సీసాలో ఏళ్లు పట్టే కథ లొట్టిలో ఒక్కరోజులో ముగుస్తుంది. అందుకే దాన్ని సీసాకెత్తి దేశాలు తిప్పడం కష్టం. చెట్టు కిందికి మనమే వెళ్లాలి.

ఆ చెట్టే కరువైపోతోంది. ఈతవనం ఉన్నచోట ప్లాట్ల రాళ్లు లేస్తున్నాయి. ఎక్కేవాడికి ప్రాణభయం. తాడు జారి పడి చనిపోయినవాళ్లు, నడుం విరిగి మంచాన పడ్డవాళ్లు మా వైపు ప్రతి మండలంలో ఉన్నారు. 2024 జులైలో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రత పరికరాలు ఇవ్వడం మొదలుపెట్టింది. అవి చెట్టెక్కే ప్రతి ఒక్కరికీ అందాలి.

చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయినప్పుడు ఏమవుతుంది? కల్తీ అవుతుంది. నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్ముతారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. వాళ్లలో చాలామంది కూలీనాలీ చేసుకునేవాళ్లే. రుచి తెలియడం దర్జా కోసమని ఎవరైనా అంటే నమ్మకండి. తీపి ఎప్పుడు, పులుపు ఎప్పుడు, నురగ ఎందుకు అని తెలిసినవాడు పొద్దుగాలా మాపూ ఒకే రుచి ఉన్న కల్లు కనిపిస్తే అనుమానిస్తాడు. కళ్లముందు చెట్టు దిగిన లొట్టి తప్ప ఇంకోటి ముట్టడు.

సినిమాలు తీసే అన్నలకు ఒక మనవి. మీ తెర మీద వైను గ్లాసు పట్టుకున్నవాడు బంగళావాడు, కల్లు ముంత పట్టుకున్నవాడు జోకరు. ఎన్నాళ్లండీ ఇది? ఆ ముంత పక్కన బోటి కూరా, ఆ కల్లు గీసినవాడి మాటా ఒక్క సీనులో పెట్టి చూడండి. ఫ్రాన్సువాడు కూడా నోట్సు రాసుకుంటాడు.

దుబ్బాక తమ్ముడూ, నీకు చివరి మాట. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండితేగాని ఏ సీసా జోలికీ పోకూడదు, అది చట్టం. నిండినా తాగి బండెక్కకూడదు, అది బుద్ధి. నిండేదాకా ఏం చెయ్యాలంటావా? తెల్లవారుజామున దించిన పులియని నీరా ఉంది. సర్వపిండి నంజుకుని తాగు. ఆ జోడీ కుదిర్చినవాడికి దండం పెడతావు.